ఎలక్ట్రిక్ ఏరోబాటిక్ ఆర్సీ విమానం: తిప్పేది కుడిచెయ్యి, నిలబెట్టేది ఎడమచెయ్యి

ఆర్సీ (రిమోట్‌తో నడిపే) ట్రైనర్ విమానం, అంటే కొత్తవాళ్లు నేర్చుకునేది, దాని మీద చెయ్యి తిరిగింది, లేపడం దించడం టెన్షన్ లేకుండా వస్తోంది, ఇక లూప్‌లు (గాల్లో నిలువు చుట్లు), రోల్స్ (పక్కకి పొర్లింతలు) మొదలుపెడదాం అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంకా ఆ దశకి రానివాళ్లు ముందు ట్రైనర్‌తోనో సిమ్యులేటర్‌తోనో కొన్నాళ్లు గడిపి రండి. ట్రైనర్‌లో స్టిక్స్ వదిలేస్తే రెక్కలు మెల్లగా సమం అవుతాయి, ఏరోబాటిక్ మోడల్‌కి ఆ గుణం ఉండదు. ఎటు వంచి వదిలితే అటే పోతుంది, తలకిందులుగా వదిలితే తలకిందులుగానే పోతుంది. విన్యాసాలకి కావాల్సింది సరిగ్గా అదే, కానీ ఆ సంగతి తెలియకుండా కొంటే మాత్రం మొదటి రోజే జేబుకి చిల్లు.

మన దగ్గర దాదాపు అందరూ వాడేది మోడ్ 2 రిమోట్. అంటే కుడి స్టిక్‌లో ఎయిలరాన్ (విమానాన్ని పక్కలకి వాల్చే రెక్క పలక), ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక), ఎడమ స్టిక్‌లో థ్రాటిల్ (మోటర్ వేగం), రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే నిలువు తోక పలక). ట్రైనర్ నడిపినన్నాళ్లూ ఎడమచేతికి పెద్ద పని ఉండదు. థ్రాటిల్ సగంలో పెట్టి మర్చిపోతాం, రడ్డర్ నేలమీద చక్రాలు తిప్పడానికి తప్ప గుర్తురాదు. ఏరోబాటిక్స్‌లో చాలామంది నెలల తరబడి ఒకే చోట ఆగిపోవడానికి కారణం కూడా ఇదే. కుడిచేత్తో విమానాన్ని ఎలాగోలా తిప్పేస్తారు, అది వంకరగా వస్తుంది, ఇంకా ఖరీదైన విమానం కొంటారు, అదీ వంకరగానే వస్తుంది.

ఏది కొనాలి

సుమారు ఒక మీటర్ రెక్కలున్న ఈపీపీ ఫోమ్ విమానం తీసుకోండి. ఎక్స్‌ట్రా 300, ఎడ్జ్ 540, యాక్ 54, ఏ పేరుదైనా పర్లేదు, ఇవన్నీ మనుషులు కూర్చుని నడిపే అసలు ఏరోబాటిక్ విమానాలకి నమూనాలు. ఈపీపీ అంటే కార్ల బంపర్ల లోపల కూడా వాడే ఫోమ్, నేలకి కొట్టుకుంటే వంగి మళ్లీ నిక్కుతుంది. డెప్రాన్ అనే ఇంకో ఫోమ్ తేలికే కానీ పుటుక్కున విరుగుతుంది. బాల్సా చెక్కతో కట్టినది గాల్లో అన్నిటికంటే బాగుంటుంది, కాకపోతే ఒక్కసారి గట్టిగా పడితే ముక్కలు ఏరుకోవడమే. దాని జోలికి రెండో ఏడాదిలో వెళ్లొచ్చు.

ఈ సైజుకి 3ఎస్ (మూడు సెల్స్) 1300 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటర్ వేగం మార్చే పెట్టె), నాలుగు చిన్న సర్వోలు (పలకల్ని కదిపే బుల్లి మోటర్లు) సరిపోతాయి. మొత్తం బరువు 600 గ్రాముల లోపు ఉండేలా చూసుకోండి. మోటర్ లాగే బలం విమానం బరువుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి, రెండు రెట్లు ఉంటే ఇంకా నిశ్చింత. నీలం రంగు ఎస్‌జీ90 సర్వోల్లో పళ్లచక్రాలు ప్లాస్టిక్‌వి, ఇక్కడ వాటిని నమ్ముకోవద్దు. డబ్బులు చాలకపోతే ఎలివేటర్ ఒక్కదానికైనా మెటల్ గేర్ సర్వో పెట్టండి, ఎందుకంటే ఎయిలరాన్ ఒకటి పోయినా రడ్డర్‌తో ఎలాగోలా దించుకోవచ్చు, ఎలివేటర్ పోతే ఇక దేవుడే దిక్కు. రిమోట్‌కి ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 లాంటిది చాలు, డ్యూయల్ రేట్ (పలకల కదలిక ఎక్కువా తక్కువా మార్చుకోవడం), ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో మెత్తగా చేయడం), మిక్సింగ్ (ఒక కంట్రోల్ కదిపితే ఇంకోటీ కదిలేలా జతచేయడం) మూడూ అందులో ఉన్నాయి.

ఎగరేసే ముందు నేలమీద చేయాల్సింది

ముందు ప్రాపెల్లర్ ఊడదీసి పక్కన పెట్టండి. సెట్టింగ్ అయిపోయేదాకా అది మోటర్‌కి ఉండకూడదు. టేబుల్ మీద థ్రాటిల్ పొరపాటున కదిలిందంటే వేళ్లు తెగుతాయి, ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

రిమోట్ ఆన్ చేసి, ట్రిమ్‌లన్నీ (స్టిక్స్ పక్కన చిన్న తేడాలు సరిదిద్దే మీటలు) మధ్యలో పెట్టి, సర్వో చెయ్యి పలకని కదిపే పుల్లకి సరిగ్గా అడ్డంగా, అంటే 90 డిగ్రీల్లో ఉందో లేదో చూడండి. లేకపోతే స్క్రూ విప్పి ఒక పన్ను అటూఇటూ మార్చి బిగించండి. అప్పటికీ మిగిలిన చిన్న తేడాని మాత్రమే సబ్‌ట్రిమ్‌తో, అంటే సర్వో మధ్యస్థానాన్ని జరిపే రిమోట్ సెట్టింగ్‌తో సరిచేయాలి. మొత్తం సబ్‌ట్రిమ్‌తోనే లాగేస్తే ఎలివేటర్ పైకి ఎంత కదులుతుందో కిందికి అంత కదలదు, అప్పుడు మామూలు లూప్ ఒక సైజులో, తలకిందుల లూప్ ఇంకో సైజులో వస్తాయి. తర్వాత దిక్కులు చూసుకోండి. కుడి స్టిక్ కుడికి నెడితే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి. మీ వైపు లాగితే ఎలివేటర్ పైకి. ఎడమ స్టిక్ కుడికి నెడితే రడ్డర్ కుడికి. ప్రతి ఫ్లైట్‌కి ముందూ ఈ చెకింగ్ చేయాల్సిందే, సీనియర్లు కూడా చేస్తారు.

రేట్లు రెండు పెట్టుకోండి. లో రేట్‌లో రెక్కా తోకా కదలిక 15 డిగ్రీల దగ్గర, ఎక్స్‌పో 25 నుంచి 30 శాతం. హై రేట్‌లో 40 నుంచి 45 డిగ్రీలు, ఎక్స్‌పో 50 నుంచి 60. ఎక్స్‌పో గుర్తు కంపెనీని బట్టి మారుతుంది. ఫ్యుటాబాలో మైనస్ పెడితే స్టిక్ మధ్యలో మెత్తగా అవుతుంది, స్పెక్ట్రమ్‌లో ప్లస్ పెట్టాలి. తిరగేసి పెడితే స్టిక్ ముట్టుకుంటే చాలు విమానం గిలగిలా కొట్టుకుంటుంది, కాబట్టి స్క్రీన్ మీద గీత ఎలా వంగుతోందో కళ్లతో చూడండి.

సీజీ, అంటే బరువు నిలిచే చోటు, విమానంతో వచ్చిన కాగితంలో ఎక్కడ రాశారో అక్కడే మొదలుపెట్టండి. ఒక శ్రేణి ఇచ్చి ఉంటే అందులో ముందువైపు చివర. బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపి సరిచేయడమే తప్ప బరువులు అతికించొద్దు. ఇంకోటి, మోటర్‌ని పైనుంచి చూస్తే అది కొద్దిగా కుడివైపుకి తిరిగి ఉంటుంది. ప్రాప్ గాలీ టార్కూ (మోటర్ మెలితిప్పే బలం) విమానాన్ని ఎడమకి లాగుతాయి కాబట్టి కావాలనే అలా పెడతారు. వంకరగా వచ్చింది అనుకుని వాషర్లు వేసి సరిచేసేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

ఫెయిల్‌సేఫ్‌లో సిగ్నల్ పోతే థ్రాటిల్ సున్నాకి వచ్చేలా పెట్టి, విమానాన్ని పట్టుకుని, ప్రాప్ లేకుండానే మోటర్ తిప్పుతూ రిమోట్ ఆఫ్ చేసి చూడండి. ఆగాలి. ఆగిందంటే ప్రాప్ బిగించుకోవచ్చు. అంకెలు రాసి ఉన్న ముఖం ముందుకి ఉండాలి. వెనక్కి పెట్టినా గాలి వస్తుంది, విమానం కూడా లేస్తుంది, కానీ బలం బాగా తగ్గిపోతుంది, మోటర్ బాలేదని అనుమానపడుతూ కూర్చుంటారు.

ఎక్కడ, ఎప్పుడు

డ్రోన్ రూల్స్ 2021 మన మోడళ్లకీ వర్తిస్తాయి. గ్రీన్ జోన్‌లో (ముందు అనుమతి అడగక్కర్లేని చోట) 400 అడుగుల దాకా, ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో అయితే 200 అడుగుల దాకానే. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి, వైజాగ్‌లో నేవీ వాళ్ల విమానాశ్రయం ఉంది, కాబట్టి స్థలం ఖాళీగా కనిపించింది కదా అని దిగిపోకుండా ముందు ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌స్పేస్ మ్యాప్ చూసుకోండి. రూల్స్ మారుతుంటాయి, ఆ రోజుకి ఏముందో అదే లెక్క.

వరి కోతలయ్యాక పొలాలు బ్రహ్మాండంగా ఉంటాయి, రైతుని అడిగి దిగండి. కరెంటు తీగలు, కొబ్బరిచెట్లు, పశువులు ఏ వైపున్నాయో చూసుకుని విమానం తిరిగే వైపు వాటికి దూరంగా ఎంచుకోండి. ఎండ మీ వీపుకి తగలాలి, ముఖానికి కాదు. తెల్లవారాక మొదటి రెండు గంటలు గాలి నెమ్మదిగా ఉంటుంది, పదింటికల్లా వేడిగాలి లేచి విమానాన్ని ఎగదోస్తుంది. గద్దలు కూడా అప్పుడే వస్తాయి. గద్ద దగ్గరికి వచ్చిందంటే దాంతో పందెం వేయకండి, దించేసి పది నిమిషాలు ఆగండి. పిల్లలు ఎలాగూ చేరతారు, "అన్నా, ఒక్కసారి ఇవ్వవా" అంటారు. వాళ్లని మీ వెనకాల కూర్చోబెట్టండి. దిగిన విమానం వైపు ముందే పరిగెత్తకుండా చూసుకోవడం మీ బాధ్యతే.

విమానం అడుగుభాగానికి పైభాగం కంటే పూర్తిగా వేరే రంగు ఉండాలి. లేకపోతే అడుగున నల్ల చారలు రెండు అడ్డంగా అతికించండి. తలకిందులుగా ఉందో మామూలుగా ఉందో ఒక్క క్షణం అర్థం కాకపోయినా అంతే సంగతులు.

గాల్లో

మొదటి రోజు విన్యాసాలు వద్దు. ట్రిమ్ చేసి, 45 డిగ్రీల్లో పైకి లేపి, తలకిందులు చేసి, స్టిక్స్ వదిలి చూడండి. మెల్లగా నేలవైపు వంగితే సీజీ బాగుంది. ధబాలున వంగితే ముక్కు బరువు, బ్యాటరీ కాస్త వెనక్కి జరపండి. తనంతట తాను పైకి లేస్తుంటే తోక బరువు, వెంటనే దించి ముందుకి జరపండి.

లూప్ అందరూ మొదట చేసేది. స్టిక్ లాగి పట్టుకుంటే లూప్ అయిపోతుంది, కానీ అది నిలబెట్టిన కోడిగుడ్డులా వస్తుంది, ఎందుకంటే పైకెక్కేసరికి వేగం తగ్గి చిన్నగా తిరుగుతుంది, కిందికొచ్చేటప్పుడు వేగం పెరిగి సాగుతుంది. గుండ్రంగా రావాలంటే గాలికి ఎదురుగా, రెక్కలు సమంగా, ఫుల్ థ్రాటిల్‌తో మొదలుపెట్టి, శిఖరం దగ్గర ఎలివేటర్ కొంచెం సడలించాలి, శిఖరం దాటగానే థ్రాటిల్ తగ్గించుకుంటూ రావాలి, అడుగున మళ్లీ ఇవ్వాలి. పక్కకి జరిగితే రడ్డర్‌తో లాగాలి. చూశారా, ఎలివేటర్ చేసేది ఒకటే పని, మిగతాదంతా ఎడమచేతిదే.

రోల్‌కి ముందు ముక్కుని ఐదు పది డిగ్రీలు పైకెత్తి ఎయిలరాన్ పూర్తిగా ఇవ్వండి, తలకిందులైన క్షణంలో ఎలివేటర్ కొద్దిగా ముందుకి తోసి వదలండి. ఇది ఒక పూటలో వచ్చేస్తుంది. నెమ్మదిగా రోల్ చేయడం మాత్రం తల ప్రాణం తోకకి తెస్తుంది, ఎందుకంటే అందులో పక్కకి వాలినప్పుడు రడ్డర్, తలకిందులైనప్పుడు ఎలివేటర్ వంతులవారీగా పడాలి. అది తర్వాత.

తలకిందులుగా ఎగరడంలో స్టిక్ ముందుకి తోస్తే ముక్కు ఆకాశం వైపు, లాగితే నేలవైపు. ఈ ఒక్క ముక్క బుర్రకి ఇట్టే ఎక్కుతుంది, చేతికి మాత్రం ఎక్కదు. కంగారు పుట్టగానే చెయ్యి లాగుతుంది, విమానం నేలలోకి పోతుంది. అందుకే ముందు తప్పించుకునే దారి నేర్చుకోండి. ఏమీ తోచకపోతే ఎలివేటర్ ముట్టుకోకుండా సగం రోల్ చేసి మామూలుగా తిప్పేయడమే. సిమ్యులేటర్‌లో ఇది ఆలోచించకుండా వచ్చేదాకా చేసి, బయట చాలా ఎత్తులో మొదలుపెట్టండి.

స్టాల్ టర్న్ నాకు ఇష్టమైంది, ఎడమచేతికి ఇంతకంటే మంచి పాఠం లేదు. నిలువునా పైకి లేపి, గీత నిటారుగా ఉందో లేదో చూసి, థ్రాటిల్ మూడో వంతుకి తగ్గించండి. సున్నాకి కాదు, రడ్డర్ మీదికి ప్రాప్ గాలి తగలాలి. విమానం ఆగిపోబోతుండగా, ఆగాక కాదు, రడ్డర్ పూర్తిగా ఎడమకి. మోటర్ తిరిగే దిశ వల్ల ఎడమవైపు తేలిగ్గా తిరుగుతుంది. తిరిగేటప్పుడు కుడి ఎయిలరాన్ చిటికెడు ఇస్తే మెలిపడదు. ముక్కు కిందికి చూడగానే థ్రాటిల్ సున్నా, రడ్డర్ మధ్యకి, ఎక్కిన గీతలోనే దిగి ఎలివేటర్‌తో సమం చేయండి. ఆలస్యమైతే తోక మీదుగా వెనక్కి జారుతుంది, తొందరపడితే పెద్ద వంపు తిరుగుతుంది. ఆ అర సెకను ఎప్పుడో కళ్లకి తెలియడానికి కొన్ని బ్యాటరీలు ఖర్చవుతాయి.

నైఫ్ ఎడ్జ్‌లో రెక్క నిలువుగా ఉంటుంది, విమానాన్ని మోసేది దాని ఒళ్లు, ముక్కుని పట్టుకునేది రడ్డర్. కుడికి వాల్చితే ఎడమ రడ్డర్, ఎడమకి వాల్చితే కుడి రడ్డర్. థ్రాటిల్ ముప్పావు దాకా ఉండాలి. విమానం చక్రాల వైపు లాగేస్తుంటే రడ్డర్ నుంచి ఎలివేటర్‌కి మిక్సింగ్ పెట్టి, ఐదు శాతంతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచండి.

చివరగా హోవర్, అంటే ముక్కు ఆకాశానికి, తోక నేలకి, విమానం గాల్లో నిలబడడం. హై రేట్ వేసుకోండి. మోటర్ కుడికి తిరుగుతుంటే విమానం ఎడమకి మెలితిరగాలని చూస్తుంది, దానికి ఎదురుగా కుడి ఎయిలరాన్. ముక్కు ముందుకీ వెనక్కీ పడుతుంటే ఎలివేటర్, పక్కలకి పడుతుంటే రడ్డర్. థ్రాటిల్‌ని ఒకచోట పెట్టి ఉంచితే ఎప్పటికీ నిలబడదు, చిన్న చిన్న తోపులుగా ఇస్తూ తీస్తూ ఉండాలి, చెవికి మోటర్ శబ్దం గుర్రుగుర్రుమని వినిపించాలి. పడిపోతుంటే మొదట ఇవ్వాల్సింది ఫుల్ థ్రాటిల్. ఎలివేటర్ లాగడం కాదు, వేగం లేని రెక్కని లాగితే ఇంకా కూలుతుంది.

దించేటప్పుడు కూడా థ్రాటిల్ సున్నా చేయకండి. వీటి రెక్క పైనా కిందా ఒకేలా ఉంటుంది, మోటర్ ఆపేస్తే రాయిలా పడుతుంది. కొంచెం మోటర్ ఉంచుకుని, ముక్కు కాస్త పైకెత్తి, చక్రాలు తగిలాక తీసేయండి.

బ్యాటరీ

ఎడమచేత్తో అడిగినంతా ఇవ్వాల్సింది ఇదే, కాబట్టి దీన్ని గారంగానే చూసుకోవాలి. ఒక్కో సెల్ ఫుల్ ఛార్జ్ 4.2 వోల్టులు. దించాక కాసేపు ఆగి కొలిస్తే 3.7 కంటే తగ్గకూడదు. టైమర్ మొదట నాలుగు నిమిషాలకి పెట్టి, మళ్లీ ఛార్జ్ చేసేటప్పుడు ఎన్ని ఎంఏహెచ్ ఎక్కిందో చూడండి. 1300 బ్యాటరీలో వెయ్యి దాకా ఎక్కితే సరిపోయింది, 1200 ఎక్కితే మీరు ఎక్కువసేపు ఎగరేస్తున్నారు. ఛార్జింగ్ 1సీ దగ్గరే, అంటే దీనికి 1.3 ఆంపియర్లు, అదీ ఎప్పుడూ బ్యాలెన్స్ పద్ధతిలోనే, అంటే సెల్స్ అన్నీ సమంగా నిండేలా. ఛార్జ్ పెట్టి బయటికి వెళ్లిపోవడం, రాత్రి పెట్టి పడుకోవడం రెండూ వద్దు. చుట్టూ కాలే వస్తువులు లేని గచ్చు మీద పెట్టండి.

వర్షం వచ్చి ఎగరేయడం కుదరకపోతే ఫుల్ ఛార్జ్‌తో వారాల తరబడి ఉంచకుండా స్టోరేజ్ మోడ్‌లో 3.8 దగ్గరికి దించండి. మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే మంచి బ్యాటరీ కూడా ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని ఇంకోసారి చూద్దాంలే అనకుండా, 12 వోల్టుల కారు బల్బుతో ఆరుబయట పూర్తిగా ఖాళీ చేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి.

ఎగరేశాక, పడేశాక

రోజు చివర మోటర్ స్క్రూలు, ప్రాప్ నట్టు, సర్వో చేతుల స్క్రూలు, హింజ్‌లు ఒకసారి వేలితో కదిపి చూడండి. ఈఎస్‌సీ, మోటర్ చెయ్యి పెట్టలేనంత వేడిగా దిగితే ప్రాప్ పెద్దదైందని అర్థం. ప్రాప్ అంచున చిన్న గాటు పడినా మార్చేయండి, ఆ వణుకుకి ముందు బేరింగులు, తర్వాత సర్వోలు పోతాయి. మోటర్‌ని చేత్తో తిప్పితే గరగరమంటే లోపల మట్టి ఉంది. భీమిలి వైపు బీచ్‌లలో దించేవాళ్లకి ఇంకో తలనొప్పి, ఆ ఇసుకలో నల్లటి ఇనుప ఖనిజం రేణువులు ఉంటాయి, అవి మోటర్ అయస్కాంతాలకి పట్టుకుని ఊదినా రావు, సెల్లో టేప్ చుట్టిన పుల్లతో అద్ది తీయాలి.

విమానం పడితే ముందు థ్రాటిల్ సున్నా, తర్వాత వెళ్లి బ్యాటరీ పీకడం, ఆ తర్వాతే బాధపడడం. ఆ బ్యాటరీని కారుకి దూరంగా అరగంట పెట్టి చూడండి. ఈపీపీ, ఈపీవో ఫోమ్‌లకి మామూలు ఫెవిక్విక్ పనిచేస్తుంది, డెప్రాన్‌నీ థర్మాకోల్‌నీ మాత్రం అది కరిగించి తినేస్తుంది. మోటర్ కూర్చునే చెక్క ఊడితే ఆరల్డైట్ తప్ప ఇంకేదీ వద్దు. ఈపీవో నలిగిపోతే మరుగుతున్న నీళ్లు మెల్లగా పోయండి, ఫోమ్ ఉబ్బి చాలావరకు మామూలవుతుంది. లోపలి కార్బన్ కడ్డీ చీలితే టేప్ చుట్టి సరిపెట్టుకోవద్దు, హోవర్‌లో ఏమీ కాదు కానీ లూప్ అడుగున రెక్క ముడుచుకుంటుంది.

సర్వో మార్చాల్సి వస్తే కొత్తది బిగించే ముందే కరెంటిచ్చి మధ్యకి తెచ్చుకుని అప్పుడు చెయ్యి తగిలించండి. ఒకే కంపెనీ సర్వో అయినా తిరిగే దిశ మారి ఉండొచ్చు. కాబట్టి ప్రాప్ తీసేసి, ఎయిలరాన్, ఎలివేటర్, రడ్డర్ దిక్కులు మళ్లీ మొదటి నుంచి చూసుకుని, ఆ తర్వాత మళ్లీ బిగించండి.